కిట్లు ఆపొద్దు, టేబుల్ వేయండి

సోలాపూర్ పూర్వభాగంలోని పద్మశాలి బంధువులారా, పోస్టు పొడుగుంది. రాత్రి భోజనాలయినంక తీరిగ్గా చదవండి. ఇంట్లో తెలుగు చదవరాని పిల్లలుంటే వాళ్లకు చదివి వినిపించండి. ఇది వాళ్ల సంగతే.

గుణగౌరవ సభలో పిల్లలకు ఇస్తున్న ఎలక్ట్రానిక్స్ కిట్లను వచ్చే ఏడాది నుంచి ఆపేయాలని మన సంఘంలో మాట నడుస్తున్నది. వాటి బదులు స్కూల్ బ్యాగులో, స్టీలు డబ్బాలో ఇద్దామంటున్నారు. చెప్తున్న కారణం ఒక్కటే: "పోయినసారి ఇచ్చినవి పనిచేయలే." వచ్చే మీటింగులో దీని మీద నిర్ణయం జరుగుతుంది. మేము కొందరం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. చాటుగా గొణుక్కునే కంటే అందరి ముందర రాయడం మంచిదని రాస్తున్నాం.

"పనిచేయలే" అన్న మాట ఎట్లా పుట్టిందో ముందు చూడండి. సభ అయింది. శాలువాలు కప్పారు, ఫోటోలు దిగారు. పిల్ల ఇంటికి పోయి డబ్బా విప్పింది. లోపల చిన్న బ్రెడ్‌బోర్డు, నాలుగైదు ఎల్ఈడీలు, రెసిస్టర్లు, ఒక ట్రాన్సిస్టర్, ఒక ఐసీ, బజర్, వైర్లు, ఇంగ్లీషులో అచ్చేసిన ఒక కాగితం. అమ్మ చాటలో ఆకు పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నాన్న రెండో షిఫ్టుకు పోయాడు. పిల్ల బొమ్మ చూసి తనకు తోచినట్టు వైర్లు గుచ్చింది. దీపం వెలగలేదు. పక్కింటి అన్న వచ్చి బోర్డును రెండుసార్లు తట్టి "డూప్లికేట్ మాల్ ఇది" అని తీర్పు చెప్పాడు. డబ్బా అటకెక్కింది. ఇట్లాంటి తీర్పులన్నీ కలిసి ఇప్పుడు కమిటీ ముందుకు వచ్చాయి.

ఆ తీర్పు నిజమా కాదా అని ఎవరూ చూడలేదు. అందుకని మేము అటకెక్కిన కిట్లు కొన్ని అడిగి తెప్పించుకున్నాం. కొన్ని ఆదివారాలు ఒక మీటరు పెట్టుకొని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కటీ విప్పి చూశాం. ఎక్కువ వాటిలో సామాను బాగానే ఉంది. దొరికిన లోపాలు ఇవి. మీ ఇంట్లో కిట్టు ఉంటే మీరూ సరిచూసుకోండి.

1. ఎల్ఈడీ తిరగేసి పెట్టడం. మామూలు బల్బును ఎటు పెట్టినా వెలుగుతుంది. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. పొడుగు కాలు ప్లస్. కాళ్లు కత్తిరించినా అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. తిప్పి పెడితే చాలు, వెలుగుతుంది.

2. రెండు కాళ్లూ ఒకే వరుసలో గుచ్చడం. బ్రెడ్‌బోర్డులో ఒక వరుసలోని ఐదు రంధ్రాలు లోపల ఒకే రేకుతో కలిసి ఉంటాయి. దీపం రెండు కాళ్లూ ఆ ఐదింటిలోనే పెడితే కరెంటు రేకు మీదుగా పోతుంది, దీపంలోకి రాదు. పైకి చూస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. ఈ తప్పు ఎక్కువ కిట్లలో కనబడింది.

3. గోడ గడియారం నుంచి తీసిన సెల్లు. "గడియారం నడుస్తున్నది కదా, సెల్లు మంచిదే" అంటారు. గడియారానికి చాలా కొద్ది కరెంటు చాలు. నీరసించిన సెల్లుతో కూడా నెలల తరబడి నడుస్తుంది. బజర్‌కూ, ఎల్ఈడీకీ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఉత్తగా మీటరు పెడితే అదే సెల్లు 1.4 వోల్టులు చూపిస్తుంది, బజర్ తగిలించి కొలిస్తే సగానికి పడిపోతుంది. సెల్లును పని చేస్తుండగా కొలవాలి.

4. ఐసీకి చాలని వోల్టేజీ. కిట్లలో వచ్చేది ఎక్కువగా 555 అనే ఐసీ. హాన్స్ కామెంజింద్ అనే ఇంజనీరు 1971లో దీన్ని రూపొందించాడు. ఇన్నేళ్లయినా పిల్లల కిట్లలో అదే నడుస్తున్నది. మామూలు రకానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. రెండు సెల్లులు పెడితే వచ్చేది 3 వోల్టులే. "మినుకుమినుకు దీపం వెలగలే" అన్న ఇంట్లో ఇంకో రెండు సెల్లులు కలిపితే వెలిగింది.

5. వార్నిష్ గీకకపోవడం. మేకుకు చుట్టి అయస్కాంతం చేయమని ఇచ్చే రాగి తీగ మీద వార్నిష్ పొర ఉంటుంది. రెండు కొసలూ గరుకు కాగితంతో గీకితేనే కరెంటు పోతుంది. గీకమని ఇంగ్లీషు కాగితంలో రాసి ఉంది. చదివి చెప్పేవాళ్లు లేరు.

6. ట్రాన్సిస్టర్ కాళ్లు తారుమారు. బీసీ 547ను చదును వైపు మన ముఖానికి పెట్టి, కాళ్లు కిందికి ఉంచితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. వర్షం అలారం మోగకపోతే మొదట ఇక్కడ చూడాలి.

నిజంగా చెడ్డ సామాను లేదా? ఉంది, దాన్ని దాచం. ఒక డబ్బాలో 330 ఓముల రెసిస్టర్ ఉండాల్సిన చోట 330 కిలో ఓములది వచ్చింది. మొదటిదానికి పట్టీలు ఆరెంజ్, ఆరెంజ్, బ్రౌన్. రెండోదానికి ఆరెంజ్, ఆరెంజ్, ఎల్లో. ఒక్క పట్టీ రంగు తేడాతో కరెంటు వెయ్యో వంతుకు పడిపోయింది. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ అయితే దీపం దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7 వోల్టులను 330తో భాగిస్తే 21 మిల్లీ ఆంపియర్లు. అది కాస్తా 21 మైక్రో ఆంపియర్లయింది. దీపం వెలిగిందో లేదో చీకట్లో వెతుక్కోవాలి. ఇది అమ్మినవాడి తప్పే. దీన్ని పట్టుకున్నది ఏడో తరగతి పిల్ల. పట్టీల రంగులు కాగితం మీద రాసుకొని, లెక్క వేసుకొని వచ్చింది. దుకాణానికి పోయి "పనిచేయలే" అంటే మీరే చెడగొట్టారంటారు. "ఈ రెసిస్టర్ తప్పు, చూడండి" అంటే మారుమాట ఉండదు. గొడవకూ ఫిర్యాదుకూ ఉన్న తేడా అదే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం.

తప్పు ఎక్కడుందో వెతికే విద్య మనకు కొత్తదా? మగ్గాల మధ్య పుట్టిన జాతి మనది. చాదర్ మీద నిలువుగా సన్నటి గీత వస్తే మనవాళ్లు ఏం చేస్తారు? మొత్తం మగ్గాన్ని తిట్టరు. నిలువు గీత అంటే పడుగులో తప్పు. పోగు తెగి ఉండాలి, లేకపోతే పన్నె సందులో తప్పుగా ఎక్కి ఉండాలి. అడ్డంగా గీత వస్తే పేక వైపు చూస్తారు, కండె అయిపోయిందా, నాడెలో పోగు చిక్కిందా అని. పువ్వులో ఒకే తప్పు ప్రతి పువ్వుకూ అదే చోట అడ్డంగా వస్తుంటే జాకార్డ్ అట్టల్లో ఒకటి పాడయిందని జాబర్ చూడకుండానే చెప్తాడు. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును పట్టుకొని, ముడి వేసి, మగ్గం మళ్లీ నడిపించడం మన ఇండ్లల్లో రోజూ జరిగే పని. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి అది విద్య కాదనుకుంటున్నాం.

ఆ జాకార్డ్ అట్టనే చూడండి. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఉన్నది, లేదు. ఈ రెండు మాటలతోనే పువ్వంతా నేస్తుంది. ఫ్రాన్సులోని లియాన్ నేతగాళ్ల ఊళ్లో జోసెఫ్ జాకార్డ్ 1804లో తెచ్చిన యంత్రం అది. దాన్ని చూసే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి రంధ్రాల అట్టలు వాడాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్క కట్టాడు. కంప్యూటర్ వంశవృక్షంలో నేతగాడి మగ్గం ఉంది. అటువంటి మగ్గం మీద చాదర్లు నేసే పేటలో, మన పిల్లలకు ఒక దీపం, ఒక స్విచ్ అర్థం కావని ఇచ్చుడే బంద్ చేద్దామా?

ఇంకొకటి. డ్రాపర్లున్న మగ్గాలు చూసే ఉంటారు. ప్రతి పడుగు పోగు మీద ఒక సన్నటి రేకు వేలాడుతుంది. పోగు తెగగానే రేకు కింద పడుతుంది. కరెంటు రకం మగ్గంలో ఆ రేకు కింది పట్టీని తాకి సర్క్యూట్ కలుపుతుంది, మగ్గం ఆగుతుంది. పిల్ల కిట్టులోని వర్షం అలారం సరిగ్గా ఇదే. నీటి చుక్క రెండు తీగల మధ్య పడి సర్క్యూట్ కలుపుతుంది, బజర్ మోగుతుంది. కార్ఖానాలో తండ్రి రోజూ చూసేదీ, ఇంట్లో పిల్ల ముందర ఉన్నదీ ఒకటే సూత్రం. ఆ ఇద్దరినీ ఒక టేబుల్ ముందర కూర్చోబెట్టే పని సంఘానిది కాదా?

బ్యాగులు ఇవ్వాలనే వాళ్ల మీద మాకు కోపం లేదు. కానీ ఒక్కటి అడుగుతాం. బ్యాగు ఎందుకు నచ్చింది? బ్యాగు గురించి ఎవరూ వచ్చి "పనిచేయలే" అనరు. ఇచ్చినవాడికి మళ్లీ పని ఉండదు. కిట్టు ఇస్తే పిల్ల ప్రశ్నతో తిరిగి వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లను మనం ఏర్పాటు చేయలేదు. ఇచ్చుడు వరకే మన పని అనుకున్నాం. పనిచేయనిది మన పంపకం పద్ధతి, పేరు పడ్డది డబ్బాకు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం దగ్గర పడ్డప్పుడు సీరియల్ లైట్ల మాల ఆరిపోతే చెత్తలో వేస్తున్నామా? నలుగురు పోరగాండ్లు కింద కూర్చొని, ఒక్కొక్క బల్బు చూసుకుంటూ పోయి వెలిగిస్తారు. దేవుని మాలకున్న ఓపిక పిల్లల కిట్టుకు ఎందుకు లేదు?

ఆలేరు దగ్గరి శారాజీపేట మన చింతకింది మల్లేశం గారి సంగతి అందరికీ తెలుసు, సినిమా కూడా చూశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో తల్లి లక్ష్మమ్మ గారి చెయ్యి చీరకు వేలసార్లు అటూ ఇటూ తిరిగి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిన మనిషి యంత్రం చేయడానికి పూనుకున్నాడు. 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన సభల్లో ఆయన ఫోటో పెడతాం, ఆ పద్మశ్రీ గురించి ప్రసంగాలు చేస్తాం. ఆ ఏడేళ్లు మాత్రం మాట్లాడం. ఆ ఏడేళ్లలో యంత్రం "పనిచేయలే". ఒక భాగం కుదిరితే ఇంకో భాగం కుదరలేదు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆయన యంత్రాన్ని భాగాలుగా విడదీసి, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చూసుకుంటూ పోయాడు. ఆయనకు దండ వేసే చేతులతోనే "మొదటిసారి వెలగలేదు కాబట్టి కిట్లు వద్దు" అని సంతకం పెడితే, ఆ దండకు అర్థం ఏమిటి?

అడ్డం చెప్తున్న మాటలకూ జవాబు చెప్తాం.

"దహావీ మార్కులకు ఇవి పనికొస్తాయా?" అంటున్నారు. ఓమ్ సూత్రం, సర్క్యూట్లు సైన్సు పుస్తకంలోనే ఉన్నాయి. బట్టీపట్టిన సూత్రం పరీక్ష అయినంక పోతుంది. ఏడు వోల్టులను 330తో భాగించి తప్పు రెసిస్టర్‌ను పట్టుకున్న పిల్ల దాన్ని మరవదు.

"ఆడపిల్లలకు ఎందుకు?" ఇది మెల్లగా అంటున్నారు కానీ మా చెవిన పడింది. ఆదివారాలు మా దగ్గర ఓపికగా కూర్చున్నది ఎక్కువగా ఆడపిల్లలే. కండెలు చుట్టే ఇండ్లల్లో, బీడీల దారం కట్టే ఇండ్లల్లో పెరిగిన వేళ్లకు సన్నపని కొత్త కాదు. ఆ వేళ్లకు ఒక మీటరు ఇవ్వండి చాలు.

"షాక్ కొడితే?" సెల్లులతో నడిచే కిట్టుకు షాక్ కొట్టదు. మా నియమాలు రెండు. గోడ ప్లగ్గు ముట్టొద్దు, ఏ ప్రయోగమూ సెల్లులు దాటొద్దు. బొత్తాం సెల్లులు, అంటే నాణెం లాంటివి, చిన్నపిల్లలకు అందనీయొద్దు. మింగితే గొంతులో కాలిన పుండ్లు పడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఈ జాగ్రత్త కిట్టు ఉన్నా లేకున్నా ప్రతి ఇంట్లో ఉండాలి.

"కొత్తది కొనిస్తే అయిపోతుంది కదా?" ఇది అన్నిటికంటే చెడ్డ సలహా. కొత్తది కూడా అట్లాగే గుచ్చుతుంది, అదీ వెలగదు. రెండోసారి వెలగకపోతే పిల్ల డబ్బాను అనదు, తనను తాను అంటుంది: "నాకు రాదు." మాకు భయం ఆ మాట మీదనే. పన్నెండేళ్లకు "నాకు రాదు" అన్న పిల్లను ఇరవై ఏళ్లకు ఏ కోచింగ్ క్లాసూ తిరిగి తేలేదు.

మన పెద్దలు జూనీ మిల్లు మూతబడింది చూశారు, లక్ష్మీ విష్ణు మూతబడింది చూశారు. ఇప్పుడు పవర్‌లూమ్‌ల సంగతి మీకు చెప్పనక్కర లేదు. పిల్లలు పుణేకు బస్సెక్కుతున్నారు. ఉన్న కార్ఖానాల్లో ఎలక్ట్రానిక్ జాకార్డ్ వచ్చిన చోట బోర్డు ఆగితే బయటి నుంచి మనిషి వచ్చేదాకా మగ్గం నిలబడుతుంది, నేసేవాడి కూలీ నిలబడుతుంది. ఆ బోర్డును విప్పి, ఎక్కడిదాకా కరెంటు వస్తున్నది, ఎక్కడ ఆగింది అని చూడగల మనిషి మన పేటలో నుంచే ఎందుకు రావద్దు? ఒక కిట్టుతో ఇంజనీర్లు తయారవుతారని మేము అనడం లేదు. ఆగినదాన్ని చూసి భయపడని పిల్లలు తయారవుతారని అంటున్నాం.

కమిటీ ముందు మేము పెట్టేది ఇది.

ఒకటి. కిట్లు ఆపొద్దు. సంఖ్య తగ్గించినా ఫర్వాలేదు. ఇద్దరు పిల్లలకు కలిపి ఒకటి ఇవ్వండి, మాట్లాడుకుంటూ చేస్తారు.

రెండు. పంచే ముందు ప్రతి డబ్బా విప్పి ఒక్క దీపం వెలిగించి చూడాలి. బట్ట కొనేటప్పుడు మడత విప్పి చూడమా?

మూడు. నెలకు రెండు ఆదివారాలు, పెండ్లిళ్లు లేని రోజు, మంగళ కార్యాలయంలో ఒక మూలన పొడుగు టేబుల్ వేయాలి. నాలుగు డిజిటల్ మీటర్లు, కొత్త సెల్లులు, గరుకు కాగితం, కొన్ని విడి ఎల్ఈడీలు, రెసిస్టర్లు. సభకు తెచ్చే శాలువాలు, పూలదండల్లో కొన్ని తగ్గిస్తే ఈ ఖర్చు వెళ్లిపోతుంది.

నాలుగు. ఒక పేజీ కాగితం, ఒక వైపు తెలుగు, ఇంకో వైపు మరాఠీ. రాసి ఇచ్చే బాధ్యత మాది.

ఐదు. నేర్పేవాళ్లు లేరనొద్దు. కార్ఖానాల్లో జాబర్లున్నారు, మోటారు వైండింగ్ చేసేవాళ్లున్నారు, మొబైల్ రిపేరు దుకాణాల తమ్ముళ్లున్నారు, ఇంజనీరింగ్ చదివే మన పిల్లలున్నారు. నెలకు రెండు గంటలు అడుగుదాం. స్టేజి మీద సత్కారం చేయాలంటే వాళ్లకు చేద్దాం.

అంతవరకు ఇంట్లో కిట్టు ఉన్నవాళ్లు ఇట్లా చేయండి. అన్నీ పీకేయండి. ఒక సెల్లుల డబ్బా, ఒక రెసిస్టర్, ఒక దీపం మాత్రమే పెట్టండి. వెలిగిందా? తరువాత ఒక్కటి కలపండి, మళ్లీ చూడండి. ఏది కలిపినంక ఆరిందో తప్పు అక్కడే ఉంది. మీటరు ఉంటే నల్ల తీగ మైనస్ మీద ఉంచి, ఎర్ర తీగను సెల్లు నుంచి దీపం దాకా ఒక్కొక్క చోట పెట్టుకుంటూ పోండి. వోల్టేజీ ఎక్కడిదాకా కనబడి ఎక్కడ మాయమైందో ఆ రెండింటి మధ్య వెతకండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే వెలిగినా ఎందుకు వెలిగిందో తెలియదు. పెద్దవాళ్లకు ఒక విన్నపం: పిల్ల చేతిలో నుంచి బోర్డు లాక్కోవద్దు. పక్కన కూర్చొని "ఇక్కడిదాకా వచ్చిందా?" అని అడగండి చాలు.

మీటింగుకు రండి. అటకెక్కిన డబ్బా ఉంటే దించి వెంట తెండి, పిల్లలనూ తెండి. బ్యాగులకు చెయ్యి ఎత్తే ముందు ఆ డబ్బా విప్పి ఒక్కసారి అందరి ముందర చూద్దాం. తప్పు సామానులో ఉందని తేలితే అమ్మినవాడిని అందరం కలిసి అడుగుదాం. తప్పు గుచ్చడంలో ఉందని తేలితే, ఆ పిల్ల చేతనే సరిచేయిద్దాం. రెండింటిలో ఏది తేలినా కిట్లు ఆపడానికి కారణం మిగలదు.

జై మార్కండేయ.